కండె పోగులు నాకు కనిపించలేదు

తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో మా హాస్టల్లో ఒక రికార్డు పుస్తకం ఏళ్ల తరబడి చేతులు మారుతుండేది. ఉల్లివేరు కణం రెండుగా చీలే బొమ్మ అందులో ముచ్చటగా ఉండేది. క్రోమోజోములు రెండు కొసలకూ జరుగుతుంటాయి, వాటిని లాగే కండె పోగులు సన్నటి గీతలుగా ఉంటాయి. ఎవరో మహాతల్లి చెయ్యి జారి ఒక పోగును వంకరగా గీసింది. మేమంతా ఆ వంకరను కూడా భక్తిగా దించేవాళ్లం.

వృక్షశాస్త్రం ప్రాక్టికల్ నేను అప్పటికే ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే బి.ఎడ్. ఆశ వదులుకోవాల్సిందే. పరీక్షనాడు వేరుకొనకు ఎర్రరంగు పట్టించి, గాజుపలక మీద బొటనవేలితో నొక్కాను. మైక్రోస్కోపులో చీలుతున్న కణం ఒకటి చక్కగా దొరికింది. ప్రాణం లేచొచ్చింది.

పరీక్ష చెయ్యడానికి వేరే కాలేజీ నుంచి వచ్చిన మేడమ్ చిత్తూరు వైపు మనిషి. నా రికార్డులో బొమ్మ చూసి, "ఈ పోగులు నీకు కనిపించినాయా?" అన్నారు.

"కనిపించినాయి మేడమ్" అనేశాను.

ఆమె వంగి మైక్రోస్కోపులో చూశారు. "నాకు కనపడలేదే! ఈ వంకర పోగును మాత్రం పొద్దున్నుంచి నాలుగు రికార్డుల్లో చూసినా."

ఒక అబద్ధానికి ఇంకోటి అతికించే తెలివి నాకు ఏనాడూ లేదు. "లేదు మేడమ్. సీనియర్ల రికార్డు చూసి గీసినాను."

"ఈ రంగు క్రోమోజోములకే పడతాది. పోగులు ట్యూబులిన్ అనే ప్రోటీనుతో కట్టినవి, వాటికి పట్టదు. మరి అవి ఉండాయని ఎట్ల చెప్తావు?"

మళ్లీ మైక్రోస్కోపులో చూశాను. "అన్నీ రెండు పక్కలకు వరసగా పోతా ఉండాయి మేడమ్. ఏదో లాగకుంటే అట్ల పోవు."

ఆమె నవ్వి రబ్బరు నా ముందుకు జరిపారు. పోగులన్నీ చెరిపాను. 'కండె పోగులు కనిపించలేదు' అని రాయమంటే రాశాను. దాని కిందే సంతకం పెట్టి, "పాసైనట్టే, పో" అన్నారు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడి హాయిగా ఏడ్చాను. తర్వాత నాయనకు ఫోన్ చేశాను. టమాటా తోటలో ఉన్నాడు.

"గట్టెక్కినాను నాయనా."

"ఏం సూపించినావు పాపా?"

"కనపడలేదని చెప్పినాను."

నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఆ మాట పోయినేడే సెప్పుంటే సరిపోయేది గదమ్మా!"