మోటరు యాదికి రాని సినిమా

మా ఇంటి ఓనరు పోయాడు. శంషాబాద్‌లో అందరూ ఆయన్ని బాపు అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. ఆ సాయంత్రం రాజేంద్రనగర్‌లో ఆఫీసు ముగించుకుని బస్సు దిగగానే, రోడ్డు పక్క టీ హోటలాయన గల్లా వదిలి నా దగ్గరికొచ్చాడు. "సారూ, బాపు పోయిండు. పొద్దుగాల మోటరు కాడ కూలవడ్డడు. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయింది" అన్నాడు. నేను "అలాగా" అన్నాను. చేతిలో టిఫిన్ డబ్బా మూత వదులుగా ఉంటే బిగించుకుని ఇంటి వైపు నడిచాను.

ఇది జరిగి మూడు వారాలైంది. నాకింకా ఏడుపు రాలేదు. మా ఆవిడ ఏడ్చింది, పక్కవాళ్లు ఏడ్చారు. నేను మాత్రం ఆఫీసుకు వెళ్తున్నాను, ఫైళ్లు చూస్తున్నాను, అన్నం తింటున్నాను. పప్పులో ఉప్పు తక్కువైతే తెలుస్తోంది కూడా. బాపు లేకపోయినా ఉప్పు తక్కువైందని నాకు తెలియడమే ఏదో తప్పులా ఉంది. ఏడవలేనివాడికి రాయడమొక్కటే మిగిలింది కనుక రాస్తున్నాను.

బాపు ఆకుకూరలు పండించేవాడు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర. తెల్లవారకముందే కట్టలు పట్నం మండికి చేర్చి, అమ్మకం అయ్యాక నేరుగా మార్నింగ్ షోకి వెళ్లేవాడు. వారానికి ఒకటి తప్పదు, కొత్తవి ఎక్కువ పడితే రెండు. ఎప్పుడూ బెంచీ టికెట్టే. హాల్లో కూర్చోగానే చెప్పులు విప్పి బెంచీ కిందికి తోసేవాడు. "ఇంకొకరి ఇంట్లకు వచ్చినం గద సారూ" అనేవాడు. సినిమా ఎంత చెత్తగా ఉన్నా మధ్యలో లేచేవాడు కాదు. "పిలిచినోడు చెయ్యి కడుక్కోమనేదాంక కూసోవాలె" అని ఇంకో మాట.

ఏడాది చివర ఆయన ఆ ఏడాదంతా చూసిన సినిమాల్లో పదింటికి నంబర్లు వేసేవాడు. నేను గుంటూరు జిల్లా నుంచి ఉద్యోగం మీద వచ్చి వాళ్లింట్లో కిరాయికి దిగేనాటికే ఆ నంబర్లకు ఊళ్లో పేరుంది. డిసెంబరు ఆఖరి ఆదివారం టీ హోటల్లో ఆయన నోటితో చెప్పేవాడు, జనం వినేవారు, మర్నాటికల్లా ఎవరికి నచ్చినట్టు వాళ్లు మార్చి చెప్పుకునేవారు. బాపుకి చదువు రాదు. సంతకం మాత్రం నేర్చుకున్నాడు.

ఆ నంబర్ల వెనక ఒక లెక్క ఉంది, అది ఆయన సొంతం. చేనుకు నీళ్లు బోరు మోటరు మీద ఆధారం. మా వైపు కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఇచ్చేవాడికే తెలియదు. వోల్టేజీ పడిపోయినప్పుడు ఆపకపోతే మోటరు కాలిపోతుంది. ఆయన పట్నం వెళ్లిన రోజున మోటరు దగ్గర అమ్మ, అంటే బాపు భార్య, కాపలా ఉండేది. అయినా ఆయన మనసు అక్కడే కొట్టుకునేది. అందుకని సినిమా నడుస్తుండగా మోటరు ఎన్నిసార్లు గుర్తుకొచ్చిందో వేళ్ల మీద లెక్కేసేవాడు. ఎంత తక్కువసార్లు గుర్తొస్తే అంత మంచి సినిమా. "మోటరు ఒక్కసారి సుత యాదికి రాలే సారూ" అన్నాడంటే ఇక దానికి తిరుగు లేదు. పేపర్లలో విమర్శలు రాసేవాళ్లు చాలామందిని చదివాను. ఇంత నికార్సైన కొలబద్ద వాళ్లెవరి దగ్గరా చూడలేదు.

సినిమాలకు పేర్లు కూడా ఆయనవే. బస్సు సినిమా, కోర్టు సినిమా, అత్త ఏడ్చిన సినిమా. వాటి అసలు పేర్లు చెవికి తెలుసు గానీ నోటికి రానిచ్చేవాడు కాదు. ఇక్కడ నేనూ ఆయన పేర్లే వాడతాను.

మేము దిగిన ఏడాదే, నేను వరండాలో ఉత్తరం మీద అడ్రసు రాస్తుంటే బాపు వచ్చి నిలబడి చూశాడు.

"నీ అక్షరం అచ్చు లెక్క ఉన్నది సారూ. నా నంబర్లు జర రాసిపెడ్తవా? నోటి మాట నిలుస్తలేదు. నేనొకటి చెప్తే ఆళ్లొకటి అంటున్నరు."

"దానికేం భాగ్యం బాపూ, చెప్పండి" అన్నాను.

అలా నేను ఆయన రాయసగాణ్ని అయ్యాను. ఆయన చెప్పే పేర్లకు అసలు పేర్లు పెట్టి, పెద్ద తెల్లకాగితం మీద నల్ల సిరాతో రాసి హోటల్ గోడకు అతికించేవాణ్ని. జనం గుంపుగా నిలబడి చదువుతుంటే బాపు బల్ల దగ్గర కూర్చుని, టీ సాసర్లో పోసుకుని తాగుతూ వినేవాడు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట దగ్గరికి వచ్చాను.

మూడో ఏడు ఒక సినిమా వచ్చింది. భర్త ఉత్తరం కోసం ఎదురుచూసే ఆడమనిషి కథ. పాటలు తక్కువ, మాటలు ఇంకా తక్కువ. పట్నంలో నాలుగు రోజులు ఆడి ఎత్తేశారు. నాకు మాత్రం అది చూస్తే ప్రాణం లేచివచ్చింది. నేనే చెప్పి పంపితే బాపు కూడా చూశాడు. అదే ఆయన భాషలో ఉత్తరాల సినిమా.

"ఏడుసార్లు యాదికొచ్చింది సారూ మోటరు" అన్నాడు తిరిగొచ్చి, కొంచెం నొచ్చుకుంటూ. ఏడాది చివర దానికి తొమ్మిదో నంబరు ఇచ్చాడు. మొదటి నంబరు బస్సు సినిమాకు. అందులో హీరో బ్రేకులు లేని బస్సును ఘాట్ రోడ్డు మీంచి దింపుతూనే ఆరుగురిని కొడతాడు.

అంతకుముందు ఏడాది జాబితా చూసి మా ఆఫీసు మిత్రుడొకడు నవ్వాడు. "ఇంత చదువుకుని, నీ చేత్తో ఇవేనా నువ్వు రాసేది?" అన్నాడు. ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఆ రోజు కాగితం ముందు కూర్చుని, బాపు చెప్పిన మొదటిదాన్ని తొమ్మిదో చోట, తొమ్మిదోదాన్ని మొదటి చోట రాశాను. మంచి సినిమాకు న్యాయం చేస్తున్నానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చదువు రాని మనిషి మాటను ఆయన పేరు కిందే మార్చేశానని మాత్రం అనుకోలేదు.

ఆదివారం హోటలాయన గట్టిగా చదివాడు. మొదటి పేరు వినగానే బాపు చేతిలో సాసరు ఆగింది. నేను తేలు కుట్టిన దొంగలా గోడవైపు చూస్తూ నిలబడ్డాను. హోటలుకు పాలు పోసే ఆయన ఊరుకోలేదు.

"ఏంది బాపు గిది? నాలుగొద్దులు సుత ఆడలే, గదెట్ల మొదటిదాయె? బస్సు సినిమాకు తొమ్మిదా?"

బాపు సాసర్లో టీ పూర్తిగా తాగాడు. తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

"రాసింది రాసినట్టే ఉన్నది. అదే మొదటిది" అన్నాడు.

నా వైపు చూడలేదు. మర్నాడు కూడా ఏమీ అనలేదు. తాను ఏ వరసలో చెప్పాడో ఆయనే మరిచిపోయి ఉంటాడనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండింది. ఆ ఏడాదంతా పాలాయన అడుగుతూనే ఉన్నాడు, బాపు ఉత్తరాల సినిమా తరఫున వాదిస్తూనే ఉన్నాడు. "ఆ పిల్ల తలుపు కాడ నిలవడ్డప్పుడు ముఖం చూసినవా నువ్వు?" అని ఆయన అంటుంటే, దారిన పోతూ విని, నా అభిరుచి ఆయనకు పట్టుబడిందని మురిసిపోయాను కూడా. ఇంతకన్నా సిగ్గుమాలినతనం ఉంటుందా?

ఆ తర్వాత రెండేళ్లూ నేను అక్షరం మార్చలేదు. బాపు పద్ధతి మాత్రం కాస్త మారింది. ప్రతి నంబరు చెప్పేముందు "నువ్వేమంటవ్ సారూ?" అని అడగడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఎన్నడూ అడగలేదు. నేను దాన్ని మర్యాద అనుకున్నాను.

కర్మలన్నీ అయిపోయిన మర్నాడు అమ్మ మా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"కాయిదం తెచ్చుకో సారూ. నంబర్లు రాయాలె."

నాకు అర్థం కాలేదు. అమ్మ జన్మలో సినిమా హాలు గడప తొక్కలేదు. కానీ బాపు చూసిన ప్రతి సినిమా ఆమెకు తెలుసు. మధ్యాహ్నం అమ్మ కొత్తిమీర కట్టలు కడుతుంటే ఆయన పక్కన కూర్చుని కథంతా చెప్పేవాడట, మోటరు లెక్కతో సహా. ఈ ఏడాది సినిమాలన్నీ ఆమెకు కంఠతా ఉన్నాయి. నేను కాగితం తెచ్చి కింద కూర్చున్నాను. మొదలుపెట్టబోతూ ఆమె ఆగింది.

"గా ఏడాది ఉత్తరాల సినిమా మొదటిదని రాస్తివి గద సారూ."

నేను కలం మూత బిగించి, మళ్లీ తీశాను.

"ఆయన ఇంటికొచ్చి చెప్పిండు. సారు నంబరు మార్చిండు, నాకే ఏదో సమజ్ కాలేదేమో అన్నడు. మల్ల ఎండకాలంల మంఖాల్ దిక్కు డేరా టాకీస్‌ల అదే సినిమా పడ్డదంటే సైకిల్ మీద పోయిండు. ఒక్కనాడు కాదు, రెండొద్దులు."

"ఎందుకమ్మా?" అన్నాను. ఎందుకో తెలుస్తూనే ఉంది.

"నేనూ గట్లనే అడిగిన. సదువుకున్నోడు ఊకెనే రాయడు, అండ్ల ఏమున్నదో నేను చూడాలె గద అన్నడు. హోటల్ల అడిగినోళ్లకు అబద్ధం చెప్పరాదన్నడు."

"మళ్లీ చూశాక ఏమన్నారు?"

అమ్మ ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "గప్పుడు సుత మోటరు యాదికొచ్చిందట. కాని ఏడుసార్లు గాదు, నాలుగుసార్లే అన్నడు."

"నన్ను ఒక్కమాట అడగలేదేం అమ్మా? తిట్టాల్సింది."

"సారు మనసుల చిన్నవోతడు, అడగొద్దన్నడు. ఇగ రాయి."

నాకు చాలా సిగ్గేసింది. ఈ మూడు వారాల్లో నాకు స్పష్టంగా తెలిసిన బాధ అదొక్కటే. ఆయన ముందు తలవంచుకుని ఒక్కసారి తప్పు ఒప్పుకునే అవకాశం ఈ రెండు మూడేళ్లలో ఎన్నిసార్లు వచ్చిందో! ఎదురుగా టీ తాగుతూ కూర్చున్న మనిషికి చెప్పలేకపోయాను.

అమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాను. మొదటి నంబరు జాతర సినిమాకు. జాతరలో తప్పిపోయిన తమ్ముడు పెద్దయ్యాక అన్నకే శత్రువై తిరిగి రావడం కథ. మోటరు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదట. ఆ సినిమా నేను ఇక్కడి శంషాబాద్ థియేటర్లో ఇంటర్వెల్ దాకా చూసి, తలనొప్పి వచ్చి, లేచి వచ్చేశాను. రాస్తుంటే నా కలం ఆగలేదు. ఎనిమిది సినిమాలయ్యాక, ఆయన ఖాయం చేసినవి ఇంక లేవంది అమ్మ. మిగతా రెండింటికి ఆయన నంబరు వేయకముందే పోయాడు. తొమ్మిది, పది అని అంకెలు మాత్రం వేసి ఎదురుగా ఖాళీ వదిలేశాను.

ఆదివారం హోటల్లో అది అతికించాను. హోటలాయన చూసి, "ఖాళీ ఎందుకు సారూ, నీకు నచ్చినయి రెండు ఎయ్యరాదు?" అన్నాడు, మంచి మనసుతోనే.

"వద్దు" అన్నాను. తర్వాత ఎవరూ అడగకుండానే చెప్పాను. ఫలానా ఏడాది మొదటి నంబరు బాపుది కాదు, నాది, ఆయన చెప్పిన దాన్ని నేను మార్చి రాశాను అని. ఆఫీసులో నోటీసు చదివినట్టు చదివేశాను. పాలాయన క్యాను కింద పెట్టి నన్నే చూశాడు.

"మరి ఏడాదంత నాతోని ఎందుకు కొట్లాడిండు సారూ?"

అడిగాడే గానీ జవాబు అతనికి తెలిసినట్టే ఉంది. క్యాను తీసుకుని వెళ్లిపోయాడు.

జాతర సినిమా మా థియేటర్లో మళ్లీ వేశారు. నిన్న ఆఫీసుకు సెలవు పెట్టి మ్యాట్నీకి వెళ్లాను. బెంచీ టికెట్టే తీసుకున్నాను. బాపుకి అందులో ఏం కనిపించిందో చూడాలని, కళ్లు తెరమీదే పెట్టుకుని కూర్చున్నాను. కొట్లాటలు నాకు ఈసారీ కొట్లాటల్లాగే ఉన్నాయి. ఇంటర్వెల్ అయింది, నేను లేవలేదు. చివర్లో అన్నదమ్ములు ఒకరినొకరు గుర్తుపట్టే చోట హాలంతా ఈలలు. నా పక్కన ఎవరో ముసలాయన, మట్టి చేతులు, ఊరు పేరు తెలియదు, తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. సిగ్గు పడలేదు, దాచుకోలేదు. నేను తెర వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. తెరమీద వెలుగు మారినప్పుడల్లా ఆ ముఖం మీద తడి ఎర్రగా, పచ్చగా, మళ్లీ తెల్లగా మెరుస్తోంది.