చీటీ తాత సన్మానానికి నేను నింపిన ఫారం

ఆ రోజుల్లో మాదాపూర్‌లో అద్దాల కంటే బండరాళ్ళే ఎక్కువ. హైటెక్ సిటీ అన్న పేరైతే వచ్చేసింది గానీ, ఆ పేరుకి తగ్గ ఊరు ఇంకా రాలేదు. రోజూ మధ్యాహ్నం ఎక్కడో ఓచోట బండలు పేల్చేవారు. ఆ దెబ్బకి మా మందుల షాపులో దగ్గుమందు సీసాలన్నీ ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. నేను మాత్రం గొంతు ఇంకాస్త పెంచి, చెప్తున్న కబురు ఆపకుండా చెప్పేదాన్ని. అబద్ధమెందుకు చెప్పాలి (అబద్ధాల సంగతి ముందుంది, ఆగండి), నోరు మూసుకుని నేను అక్కడ గడిపిన గంట ఒక్కటి కూడా గుర్తులేదు. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. రెండోసారి రాసి ఇంటర్ గట్టెక్కాను, అదీ థర్డ్ క్లాసులో. మా నాన్న మియాపూర్ డిపోలో మెకానిక్. "కౌంటర్ దగ్గర కూర్చుంటే నీ నోటికైనా ఓ ఉద్యోగం దొరుకుతుందే" అని మా అమ్మ నన్ను ఈ షాపులో చేర్పించింది. షాపు యజమానికి నేను పెట్టుకున్న పేరు ఫికర్ సేటు. సరుకు రాకపోయినా, కరెంటు పోయినా, ఆఖరికి షాపు గోడ బీటలిచ్చినా ఆయన "ఏం ఫికర్ లేదు" అనేవాడు. మిగతా ఫికరంతా పడ్డానికి మా చీటీ తాత ఉండేవాడు.

చీటీ తాత సర్కారు దవాఖానలో మందులిచ్చే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మా షాపులో గోడమీద వేలాడే సర్టిఫికెట్ ఆయనది. సర్టిఫికెట్ ఒకచోట, మనిషి ఇంకోచోట ఉండే షాపులు అప్పట్లో బోలెడు. మా తాత మాత్రం పొద్దున షట్టర్ లేచేసరికి తెల్లచొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని నిలబడి ఉండేవాడు. డాక్టరు చీటీ చేతికొస్తే ఒకసారి చదివేవాడు. మందు తీశాక పక్కన పెట్టుకుని మళ్ళీ చదివేవాడు. చేతికిచ్చే ముందు ఇంకోసారి. మొత్తం మూడుసార్లు, పెదాలు కదుపుతూ. ఓసారి మెడలో కార్డు వేలాడుతున్న కంప్యూటర్ కుర్రాడొకడు "అంకుల్, ఇక్కడ నిలబడే సరికి నా తలనొప్పి తగ్గిపోయింది" అని దండం పెట్టాడు. తాత చీటీలోంచి తలెత్తకుండానే "మంచిదాయె బిడ్డా, మందు మిగిలింది" అన్నాడు.

మధ్యాహ్నం బేరం పల్చబడ్డాక ఆయన నాకు పాఠం చెప్పేవాడు. అట్టలూడిన పాత పుస్తకం ఒకటి ఉండేది. "ఈ గోలి తిన్నంకనే వేసుకోమని ఎందుకు చెప్తం? ఎందుకో ఎరుక లేకుంట చెప్పొద్దు. ఎరుక లేకుంట చెప్తే చిలక జోస్యం అయితది" అనేవాడు. నేను ఆ షాపులో డబ్బాలు సర్దగలను, తాత తీసిచ్చిన మందు కవర్లో వేయగలను, అంతే. మందు నా చేత్తో తీసి ఇవ్వాలంటే డి.ఫార్మసీ చదవాలి. రెండేళ్ళ కోర్సు. చెల్లెళ్ళిద్దరి చదువులు నెత్తిమీదున్న మా నాన్నని ఆ ఫీజు అడిగే మొహం నాకు లేదు.

అలాంటి రోజుల్లో మా చుట్టుపక్కల మందుల షాపులవాళ్ళ సంఘం నుంచి కార్యదర్శి వచ్చాడు. మే నెల ఎండలో కూడా టై కట్టుకునేవాడు, అందుకని టై సారు. ఏటా ఒక పెద్ద ఫార్మసిస్టుకి సన్మానం చేస్తారట. ఈసారి మా తాత పేరు అనుకుంటున్నారట. కొత్త సంగతేమిటంటే, సన్మానం ఎవరికి జరిగితే వాళ్ళు తమ షాపులో పనిచేసే ఒకరి పేరు చెప్పొచ్చు, వాళ్ళ డి.ఫార్మసీ ఫీజు సంఘమే కడుతుంది! టై సారు ఒక ఫారం ఇచ్చి, "ఇంకా ఇద్దరు పోటీలో ఉన్నారండీ. వివరాలు కాస్త ఘనంగా ఉండాలి" అని చెప్పి వెళ్ళాడు. "పోరీ, నువ్వే నింపు. నీ రాత మంచిగుంటది. ఏం ఫికర్ లేదు" అన్నాడు సేటు.

నేను పెన్ను పుచ్చుకుని తాత ముందు కూర్చున్నాను.

"తాతగారూ, మీరు వృత్తిలో చేసిన సేవలేంటండీ?"

"మందులిచ్చిన."

"అది కాదండీ, గొప్పగా ఏం చేశారు?"

"మంచిగ సూసి ఇచ్చిన. రాసుకో."

ఫారంలో ఆ ప్రశ్న కింద ఎనిమిది గీతలున్నాయి. 'మందులిచ్చాను' అని రాస్తే ఒక గీతలో సగం కూడా నిండదు. ఆ ఖాళీ గీతలు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంత మంచి మనిషికి ఒక శాలువా రాకుండా పోతుందే అని. (అబ్బే, ఫీజు సంగతి మర్చిపోయానని అనుకోకండి. ఒక కంట్లో శాలువా ఉంటే రెండో కంట్లో ఫీజే ఉంది.) ఇంటికి తీసుకెళ్ళి కూర్చున్నాను. మొదటి అబద్ధం రాయడానికి అరగంట పట్టింది, తర్వాతవి వాటంతటవే వచ్చేశాయి. సర్వీసు మొత్తంలో ఒక్కరోజు సెలవు పెట్టలేదన్నాను. రెండొందల మంది విద్యార్థులని తయారుచేశారన్నాను. సొంతంగా దగ్గుమందు కనిపెట్టారన్నాను. అయినా ఇంకా రెండు గీతలు మిగిలాయి. తాత ఎప్పుడో మూసీ వరద గురించి చెప్పడం గుర్తొచ్చింది. నీళ్ళు ఎంత ఎత్తున వచ్చాయో, మనుషులు చెట్లెక్కి ఎలా బతికారో చూసినట్టే చెప్పాడు. ఇంకేం, మూసీ వరదలో నెత్తిన మందుల గంప పెట్టుకుని ఈదుకుంటూ వెళ్ళి రోగుల్ని కాపాడారని రాసి, కింద ఒక గీత గీశాను.

మర్నాడు సంతకానికి ఇస్తే తాత కళ్ళజోడు కోసం జేబు తడుముకున్నాడు. ఇంతలో కౌంటర్ దగ్గరికి పసిబిడ్డనెత్తుకుని ఒక కూలీ మనిషి వచ్చింది. "నువ్వు రాసినవు గద, సదివేదేముంది" అంటూ సంతకం గీకేసి, కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ చీటీ అందుకున్నాడు. నాకు అప్పుడే ఎక్కడో చురుక్కుమంది. కానీ ఫారం తీసుకోవడానికి టై సారు పంపిన మనిషి గుమ్మంలోనే ఉన్నాడు.

సన్మానం తాతకే వచ్చింది. ఆదివారం పొద్దున కూకట్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాలు. నేను మా అమ్మ పట్టుచీర కట్టుకుని, మా అమ్మని వెంటబెట్టుకుని రెండో వరసలో కూర్చున్నాను. ఫీజు కోసం నా పేరు రాసిపెట్టిన కవరు తాత చొక్కా జేబులోంచి కొంచెం బయటికి కనిపిస్తోంది. శాలువా కప్పారు, దండ వేశారు. టై సారు మైకు ముందుకొచ్చి నా ఫారం చదవడం మొదలుపెట్టాడు. ఒక్కరోజు సెలవు పెట్టలేదనగానే చప్పట్లు. రెండొందల మంది విద్యార్థులు అనగానే ఇంకా చప్పట్లు. మా అమ్మ నా చెవిలో "ఎవరే ఇది రాసింది? భలే రాశారే!" అంది. నేను పొంగిపోయి "నేనే" అన్నాను. అంతలో గంప నెత్తిన పెట్టుకుని తాత మూసీలో ఈదడం మొదలుపెట్టాడు.

"జర ఆగుండ్రి సారూ" అని తాత లేచాడు. కాయితం టై సారు చేతిలోంచి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. ఒకసారి కాదు, ఎన్నిసార్లో మీకు తెలుసు. తర్వాత మైకు దగ్గరికొచ్చాడు.

"ఆ మూసీ పొంగిననాడు మా నాయిన ఉయ్యాలల ఉన్నడు. నేను గంప యాడికెల్లి మోస్త?"

హాలు గొల్లుమంది. ఆయన నవ్వలేదు. ఎవరో డాక్టరు రాసిన చీటీ సరిచూస్తున్నట్టు ఒక్కో లైను మీద వేలుపెట్టుకుంటూ పోయాడు. "సెలవు పెట్టలే అని రాసిండ్రు. నా పెండ్లికి పదిహేను దినాలు పెట్టిన. దగ్గుమందు నేను కనిపెట్టలే, మా అవ్వ అల్లం రసం తాపుతుండె, గదే నలుగురికి చెప్పిన. రెండొందల మందికి సదువు జెప్పలే. ఒక్క పోరికి జెప్తున్న. అది గూడ సగమే అయింది."

"ఎవరు రాసిండ్రు తాతా ఇదంతా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. నేను ముందు కుర్చీ వెనక్కి వీలైనంత జారిపోయాను. మా అమ్మ నా తొడ మీద గిల్లింది, ఆ మచ్చ వారం రోజులుంది.

"ఎవరు రాస్తేంది, కింద దస్తకత్ నాది" అన్నాడు తాత. "చీటీ మూడుసార్లు సదువుతనని నన్ను సూసి అందరు నవ్వుతరు. నా గురించి రాసిన కాయితం ఒక్కసారి సదవలే. తప్పు నాదే." తర్వాత శాలువా తీసి, మడతలు సరిగ్గా వచ్చేలా మడిచి టై సారు చేతిలో పెట్టాడు. "లేబులు తప్పున్న సీసా అమ్మొద్దు సారూ, వాపస్ పంపాలె." జేబులో కవరుని లోపలికి నెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది ఫీజు ఇంకో షాపు అమ్మాయికి వెళ్ళింది. మియాపూర్ దాకా బస్సులో నేను నోరు విప్పలేదు. మమ్మల్ని ఎరిగిన కండక్టరు కంగారుపడి "ఏమ్మా, పాపకి పాణం బాగలేదా?" అని మా అమ్మనడిగాడు.

రెండ్రోజులు జ్వరమని ముసుగుతన్ని పడుకున్నాను. మూడోరోజు మా అమ్మ దుప్పటి లాగేసింది. షాపుకెళ్తే తాత మామూలుగానే డబ్బాలు తుడుస్తున్నాడు.

"జరం తగ్గిందా? ఏం గోలి వేసుకున్నవ్?"

"జ్వరం రాలేదండీ. అబద్ధం."

"ఎరుకే."

నేను భోరుమన్నాను. ఫీజు పోయినందుకు కాదండీ, నిజంగా కాదు. ఆ మనిషిని అంతమంది ముందు నవ్వులపాలు చేశానే అని. "మీ గురించి ఏం రాయాలో తెలీలేదు తాతగారూ" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"అడిగితే చెప్పేటోన్ని."

"అడిగాను కదండీ! మందులిచ్చిన అన్నారు."

"రెండు మాటలు అడిగినవ్. మిగిలిన మాటలన్నీ నువ్వే మాట్లాడినవ్. నువ్వు మాట్లాడుతవ్ గని బిడ్డా, అడగవ్."

అప్పుడు చెప్పాడు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, జనం తోసుకుంటున్న ఒక పొద్దున, పిల్లాడి జ్వరానికి మందు అడిగిన తల్లికి కీళ్ళకి రాసుకునే మందు సీసా ఇచ్చేశాడట. అరలో జ్వరం సీసా అలాగే ఉండటం కాసేపటికి కనిపించింది. బస్టాండుకి పరిగెత్తితే బస్సు వెళ్ళిపోయింది. ఎవరి సైకిలో తీసుకుని ఆవిడ ఊరికి తొక్కాడు. వెళ్ళేసరికి ఆ తల్లి చెంచా తీసి, సీసా మూత తిప్పుతోంది. "ఆమె నన్ను తిట్టలే. నా చెమటలు సూసి ముందు నీళ్ళిచ్చింది" అన్నాడు. మర్నాడు తనే వెళ్ళి డాక్టరుకి చెప్పేశాడు. ఆ రోజునుంచే మూడుసార్లు చదవడం. "నేను చేసిన పెద్ద పని గదొక్కటే. తప్పు కనవడంగనే ఉరికిన."

ఎనిమిది గీతలూ నిండేవి. ఇంకో కాయితం అడగాల్సొచ్చేది. నేనేమో ఆ మనిషిని పట్టుకెళ్ళి, ఆయన పుట్టకముందు వచ్చిన వరదలో పడేశాను.

మరుసటి ఏడు సంఘంవాళ్ళు పద్ధతి మార్చారు. ఎవరైనా తమ షాపు ఫార్మసిస్టు దగ్గర ఉత్తరం తెచ్చుకుని ఫీజు అడగొచ్చన్నారు. సిగ్గుతో నేను నెల్లాళ్ళు నోరెత్తలేదు. ఒకరోజు తాతే అంటించిన కవరు నా చేతిలో పెట్టి "పోయిరా" అన్నాడు. సంఘం ఆఫీసులో టై సారు నన్ను గుర్తుపట్టి, ఇంకో ఇద్దరు పెద్దమనుషుల ముందు ఆ ఉత్తరం పైకి చదివాడు. "ఈ పిల్ల ఎక్కువ మాట్లాడుతుంది. మాత్రలు లెక్కపెట్టేటప్పుడు కూడా మాట్లాడుతుంది. ఒకసారి అబద్ధం రాసింది. ఆ తరువాత రాయగా నేను చూడలేదు. చీటీ మూడుసార్లు చదువుతుంది. రెండుసార్లే చదివి మూడోసారి చదివినట్టు పెదాలు కదిపిన రోజులు కూడా ఉన్నవి. ఈ పిల్లకు ఫీజు ఇవ్వవచ్చు." టై సారు భుజాలు ఊగుతున్నాయి. నేను నేలలోకి దిగిపోవడానికి సందు వెతుక్కుంటున్నాను. ఫీజు మాత్రం మంజూరైంది.

షాపుకి తిరిగొచ్చి ఆయన మీద విరుచుకుపడ్డాను. "ఒక్క మంచి మాటైనా రాయొచ్చుగా తాతగారూ?"

"రాసిన గద."

"ఎక్కడండీ?"

"ఆఖరుది."

డి.ఫార్మసీ అయింది, నా సర్టిఫికెట్ కూడా ఓ గోడ ఎక్కింది. తాత లేడిప్పుడు. టై సారు నన్నే ఉంచుకోమన్న ఆ ఉత్తరంలో ఒక్క కొట్టివేత లేదు, అక్షరం మీద అక్షరం దిద్దింది లేదు. అంటే ఎన్ని కాయితాలు చించి, ఎన్నిసార్లు మళ్ళీ రాసి ఉంటాడో. ఉత్తరం గురించి విరుచుకుపడ్డ ఆ సాయంత్రం ఆయన పక్కనే, రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను, అడిగితే చెప్పేవాడు. అడిగానా? షట్టర్ దించేదాకా నేనే మాట్లాడాను.