కొంగున ముడేసిన జీడిపప్పు

మా అత్తను తలుచుకుంటే ఆవిడ కొంగు ముడే కళ్లముందు కదులుతుంది.

పలాసలో ఇంటి దగ్గరే జీడిపప్పు పొట్టు తీసేది. మావయ్యకు ప్రోస్టేట్ గ్రంథి వాచింది. కేన్సరేమోనని చిన్న ముక్క తీసి పరీక్షకు విశాఖ పంపారు. ఆ గ్రంథి ఎంతుంటుందని అత్త అడిగితే, "మామూలుగా మీ జీడిపప్పు కంటే కాస్త పెద్దది" అన్నాడు డాక్టరు.

ఆ రోజే ఒక పప్పును కొంగున ముడేసింది. మధ్యాహ్నపు ఎండ వాకిట్లో కునుకుతీసే వేళ, దాన్ని అరచేతిలో పెట్టుకుని పిచ్చుకపిల్లను నిమిరినట్టు నిమిరేది.

"ఏటత్తా అది?" అంటే, "మీ మావే. నిద్దరోతన్నాడు, గట్టిగా మాటాడకు" అనేది.

కేన్సర్ కాదని ఫోనొచ్చాక అత్త ముడి విప్పింది.

"తినేసీ మావా."

మావయ్య నోట్లో వేసుకున్నాడు.

"ఇదేటే, ఇంత ఉప్పగా ఉన్నాది?"