కొట్టివేత పక్కన సంతకం

కోయిలకుంట్లలో నేను దస్తావేజులు రాస్తాను. ముప్పై ఏళ్లలో నేను రాసిన కాగితం మీద ఒక్క తగాదా కోర్టుకు పోలేదు. ఈ మాట ఎవరు అడిగినా చెప్తాను, అడక్కపోయినా చెప్తాను. విని విని మా ఇంట్లో వాళ్ల చెవులకు చిల్లులు పడ్డాయి.

పొలం అమ్మడానికి ఎవరొచ్చినా మొదట వెనకటి కాగితాలు అడుగుతాను. "తాత కాలం నుంచి మాదే" అంటే కుదరదు. ఆ తాతకు ఎవరు రాసిచ్చారో చూపించాలి. ఇంత గట్టివాణ్ణి, ఫోను చేతికి రాగానే ఆ బుద్ధి కాస్తా గంగలో కలిసింది.

మా పదో తరగతి వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇజ్రాయెల్, పాలస్తీనా గొడవ మీద రోజూ వాదనే. డోన్‌లో వెల్డింగ్ షాపు పెట్టుకున్న నా మిత్రుడు గాజా ఫోటో ఒకటి పెట్టాడు. కూలిన ఇంటి ముందు ఒకామె రొట్టెలు కాలుస్తోంది. బళ్లో మేమిద్దరం ఒకే బెంచీ. వాళ్లమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెల్లో సగం నా కడుపులోకే పోయేవి.

బైబిల్లో వచ్చే ఆ దేశపు ఊళ్ల పేర్లన్నీ నేను చిన్నప్పుడే చర్చి సండే స్కూల్లో బట్టీ పట్టినవాణ్ణి. అక్కడి సంగతి నాకంటే వాడికేం తెలుసని నా పొగరు. "ఇదంతా సినిమా షూటింగప్పా" అని రాసి, మా చర్చి గ్రూపులో వచ్చిన ఇంకో ఫోటో రుజువుగా పెట్టాను. అందులో అచ్చం ఆమెలాంటి మనిషికే ఎవరో మేకప్ వేస్తున్నారు. ఇక అందరూ వాడి మీద పడ్డారు. "అబద్ధాలు మోసుకొస్తాండావు" అన్నారు. "నేనెప్పుడన్నా మీతో అబద్ధం చెప్పినానా?" అని ఒక్క మాట రాసి వాడు గ్రూపులోంచి వెళ్లిపోయాడు. నేను కాలరెగరేశాను.

మర్నాడు ఆదివారం. కడపలో డిగ్రీ చదివే నా కూతురు ఇంటికొస్తే గొప్పగా చూపించాను. అది నా ఫోను తీసుకుని కాసేపు వెతికింది.

"నాయనా, నీ మేకప్ ఫోటో వేరే దేశంలో సినిమాది, శానా పాతది. ఆ మనిషే వేరు. డోన్ మామ పెట్టినదానికి తీసినాయన పేరుండాది, ఊరుండాది, తేదీ ఉండాది. నీదానికి ఏముండాది? వెనకటి కాగితం అడగలేదా నువ్వు?"

నాకు తల కొట్టేసినట్టయింది. నా కాగితం దొంగది. దాన్ని చూపించి చిన్ననాటి మిత్రుణ్ణి అబద్ధాలకోరును చేశాను.

గ్రూపు నడిపే అతనికి ఫోను చేస్తే, "డిలీట్ కొట్టప్పా, ఎవురికి గుర్తుంటాది?" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. దస్తావేజులో తప్పు పడితే గీకి చెరిపేయకూడదు. ఆ మాట చదవడానికి వీలుండేలా అడ్డగీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి. గీకిన కాగితాన్ని ఎవరూ నమ్మరు. నమ్మకూడదు కూడా.

ఆ ఫోటోను అట్లాగే ఉంచి కింద రాశాను: "పైన నేను పెట్టినది తప్పు. నా మిత్రుడు పెట్టినది నిజం. ఆధారం చూడకుండా అతణ్ణి నలుగురిచేత మాట అనిపించాను. ఇది ఎవరి బలవంతమూ లేకుండా నా సమ్మతిన రాసి ఇచ్చిన సవరణ." కింద ఇంటిపేరుతో నా పేరు, మా నాయన పేరు, ఊరు. ఆ మేకప్ ఫోటో దొంగదని చర్చి గ్రూపులోనూ రాసి పెట్టాను. అక్కడ ఇద్దరు నాతో మాటలు మానేశారు. మానుకోనీ.

సోమవారం ఆఫీసు మూసి డోన్ బస్సెక్కాను. వాడు వెల్డింగ్ అద్దం పైకెత్తి, గుడ్డతో చేతులు తుడుచుకుని, నా ఫోనులో అదంతా రెండుసార్లు చదివాడు.

"ఇంత పెద్దగా రాయాల్నా?"

"తప్పు పెద్దది కదప్పా."

వాడు ఫోను నా చేతికిచ్చాడు. తర్వాత, "నన్ను మళ్లీ గ్రూపులో ఎక్కించమను. సాక్షి సంతకం లేకుంటే నీ కాగితం చెల్లదు" అన్నాడు.

సాయంత్రం నేను కోయిలకుంట్లలో బస్సు దిగేసరికి గ్రూపులో 'సాక్షి' అని ఉంది. దాని కింద వాడి పూర్తి పేరు, తండ్రి పేరు, ఊరు. నాకు కళ్లు చెమర్చాయి. స్టాంపు లేకుండా నేను రాసిన దస్తావేజు అదొక్కటే. ఇప్పుడు ఎవరు అడిగినా, అడక్కపోయినా, ముందు దాని గురించే చెప్తాను.