పక్కన కూర్చున్న మనిషి

ఎనభైల మొదట్లో ఉద్యోగానికని వెల్దుర్తి నుంచి హైదరాబాదు బయల్దేరినప్పుడు మా పెదనాన్న, "నీకేందిరా, సినిమాలు, పార్కులు, చానా కులాసా" అన్నాడు. ఊరంతా ఆ మాటే నమ్మింది. నేనూ నమ్మి చచ్చాను.

మొదటి ఆదివారం సినిమాకు వెళ్లాను. బయటికొచ్చాక బాగుందని చెప్పుకోడానికి ఒక్క మనిషి లేడు. రెండో ఆదివారం పార్కుకు వెళ్లి, బెంచీ మీద ఒక పెద్దాయన పక్కన కూర్చున్నాను. మా వైపు పక్కన కూర్చున్న మనిషిని పలకరించలేదంటే వాడితో తగువున్నట్టే లెక్క. అందుకని, "ఏ ఊరు బాబాయ్ మనది?" అన్నాను. ఆయన సంచీ ఒళ్లోకి లాక్కుని, లేచి వేరే బెంచీకి వెళ్లిపోయాడు. నన్ను దొంగననుకున్నాడు. ఇక ఆ పూలూ, ఆ ఫౌంటెనూ ఎవడిక్కావాలి?

సెలవుకు ఊరొచ్చినప్పుడల్లా మాత్రం, పట్నంలో కులాసాగానే ఉందని పెదనాన్నకు అబద్ధం చెప్పేవాణ్ణి.

నాలుగేళ్ల తర్వాత అదే పార్కులో ఎవరో కొత్తమనిషి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఏ ఊరు అన్నయ్యా మనది? ఇక్కడ చానా కాలం నుంచి ఉంటన్నావా?" అన్నాడు.

సంచీ ఒళ్లోకి లాక్కున్నాక గానీ, అది మా యాసేనని నాకు తట్టలేదు.