కాకి వాలని లారీ

గద్దల పిన్నికి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, చెత్తగుట్ట నేర్పిన గుణం. ఊరంతా పారేసిందాన్ని లారీలు తెచ్చి ఆ గుట్ట మీద పోస్తాయి. పాతికేళ్లు అక్కడ ప్లాస్టిక్కూ సీసాలూ ఏరిన మనిషి, కిందికి చూడాల్సినంత సేపూ పైకే చూసేది. పేరు అలా వచ్చింది. "మెడ పట్టేస్తుందే" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, "పట్టేస్తే పట్టేయనీ, కాళ్లు మిగులుతాయి" అనేది.

ఆమె లెక్క తేలిక. లారీ తిరగబోయగానే గద్దలు దిగాయంటే అందులో మాంసం తుక్కు ఉన్నట్టు, చేతులకు కంపు తప్ప లాభం లేదు. దిగలేదంటే పొడి సరుకు, ఏరేవాళ్ల పంట పండినట్టే. అయితే ఆ పొడి సరుకు మీద కాకైనా వాలాలి. పనికొచ్చినా రాకపోయినా ప్రతిదాంట్లో ముక్కు పెట్టి చూడందే కాకికి తోచదు. అలాంటి కాకే వద్దనుకున్న చోట మనిషికేం పని? ఒకసారి ఈ మాట చెబితే భర్త నవ్వుతూ కాకి వాలని కుప్ప మీదికే వెళ్లాడు. ఎవరు పారబోయించిన యాసిడ్డో ఏమో, ఎడమ కన్ను పోగొట్టుకుని వచ్చాడు.

ఇప్పుడు ఆమె మోకాళ్లు అరిగాయి. మేస్త్రీ ఆమెను గుట్టను ఆనుకుని ఉన్న రేకుల షెడ్డులో, సీసాలను రంగులవారీగా వేరుచేసే పనిలో కూర్చోబెట్టాడు. నీడపట్టు పని, అదృష్టమన్నారు అందరూ. ఆమెకు మాత్రం ఆ రేకులను చూస్తే ఒళ్లు మండేది. గుట్ట ఎక్కుతున్నది కోడలు, తనకేమో ఆకాశం కనిపించదు. కాలుగాలిన పిల్లిలా గంటకు పదిసార్లు గుమ్మం దాకా వెళ్లేది, పదిసార్లూ మేస్త్రీ వెనక్కి పంపేవాడు.

కోడలు చురుకైనది. గద్దల లెక్క ఇట్టే పట్టేసింది. కాకుల సంగతి ఎత్తితే మాత్రం, "కాకినడిగి కాలు పెట్టాలంటే పొద్దు గూకుతుంది అత్తయ్యా. ఈలోగా పక్కవాళ్లు ఊడ్చుకుపోతారు" అనేది. అదీ నిజమే.

ఆ రోజు పదిన్నరకు లారీ తిరగబోసిన చప్పుడైంది. పిన్ని చేతిలో సీసా అలాగే పట్టుకుని చెవి ఒగ్గింది. గద్దల ఈల లేదు. పరుగెడుతున్న ఆడవాళ్ల బూట్ల చప్పుడు వినిపించింది. కాకి గోల కూడా లేదు. సీసా పడేసి బయటికి ఉరికింది. మేస్త్రీ అరిచాడు, మోకాళ్లూ అరిచాయి, ఎవరి మాటా వినలేదు.

కాకులు కంచె మీద వరసగా కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు. అందరికంటే ముందున్న కోడలు అట్టపెట్టెల కుప్పలో అప్పుడే ఒక కాలు పెట్టేసింది. పిన్ని పాకినట్టు ఎక్కి ఆమె జబ్బ పట్టుకుంది.

"వెనక్కి రా. కాకి వాలలేదు."

"అందరూ చూస్తున్నారు, వదలండి అత్తయ్యా."

"చూడనీ."

గుంజిన గుంజుకు ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. మిగతావాళ్లు నవ్వబోయి ఆగిపోయారు. కోడలి బూటు అడుగు బంకలా సాగుతూ సన్నగా పొగ కక్కుతోంది. పిన్ని పైఅంచు పట్టుకుని బూటు లాగి పారేసింది. పాదాన్ని ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే నొక్కి చూసింది. ఐదూ బాగానే ఉన్నాయి. అప్పుడు ఏడ్చింది.

మర్నాడు మేస్త్రీ ఆమెను మెచ్చుకున్నాడు, మెచ్చుకుని మళ్లీ షెడ్డులోనే కూర్చోబెట్టాడు. మొదటి లారీ వచ్చింది. గుట్ట మీద నుంచి కోడలి కేక వినిపించింది. "అత్తయ్యా, గద్దలు లేవు, కాకులు ఆరు." పిన్ని సీసాలు వేరుచేసుకుంది. రెండో లారీకి, "కాకులు రెండే, కానీ తెగ కెలుకుతున్నాయి."

మూడో లారీ తిరగబోసిన చప్పుడైంది. కేక రాలేదు. పిన్ని లేచి నిలబడింది.

"కూర్చోండి అత్తయ్యా" అని గుట్ట మీద నుంచే కేకేసింది కోడలు, ఆమెను కళ్లారా చూస్తున్నట్టే. "ఇంకా వాలలేదు. మేమూ కదల్లేదు."