నేను దాచిన యూరియా సంచులు

నా కూతురు పోయింది. వరి కంకి వేసిన వారంలో, నంద్యాల ఆసుపత్రిలో, నాలుగు రోజుల జ్వరంతో పోయింది. మన సంఘంలో చాలామంది మట్టి వేయడానికి వచ్చారు. రాలేనివాళ్ళకు తెలియాలని, బిడ్డ గురించి నాలుగు మాటలు మన పత్రికకు రాయమని పాస్టరమ్మ నాకు కాగితాలిచ్చింది. నేను ఐదో తరగతి దాకానే చదివాను. బిడ్డ మంచితనం రాద్దామని కూర్చుంటే ముందు నా చెడ్డతనం రాయాల్సి వస్తోంది. అది రాయకుండా ఇది రాయలేను.

బిడ్డ ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకు చెప్పడం వచ్చేది కాదు. "గాలి లెక్కలు రాస్తాది" అనేదాన్ని. ఒకరోజు తనే నన్ను మడి గట్టు మీద కూర్చోబెట్టి చెప్పింది. మనం చల్లిన యూరియా అంతా పైరు తినదంట. కొంత నీళ్ళలో కలిసిపోతుంది, కొంత కంటికి కనపడని గాలై పైకి పోతుంది. ఆ గాలి పైన దుప్పటిలాగా కప్పుకుని భూమిని వేడెక్కిస్తుందంట. యూరియా చేసే ఫ్యాక్టరీ పొగ, మన ట్రాక్టరు తాగే డీజిల్, మనం కొట్టే మందులు కూడా ఆ లెక్కలోకి వస్తాయంది. ఆళ్ళగడ్డ దగ్గర ఒక చేనులో డబ్బా బోర్లించి, సూదితో లోపలి గాలి లాగి చిన్న సీసాలో పట్టేది. అది చూసి నాకు నవ్వొచ్చింది.

"నేలకు సూది వేస్తాండావేందే?" అన్నాను.

"వేయడంలే మా, తీస్తాండా. మనిషికి రక్తం తీసి చూసినట్ల."

"ఏం జబ్బంట దానికి?"

"తిండెక్కువైంది. నీ చేతి తిండి తిన్న నా మాదిరి."

డబ్బా పెట్టింది ఆ ఒక్క చోటే. మిగతా పల్లెల్లో రైతులను అడిగి, ఎన్ని కిలోలు వేశారో రాసుకుని, ఆ కిలోలను ఏదో అంకెతో గుణించి గాలి ఎంత పోయిందో అంచనా కట్టేది. కిలోలు తప్పయితే గాలి కూడా తప్పే. అందుకని అడగడంలో తనకొక పద్ధతి ఉండేది. మగవాళ్ళ మాట రాసుకునేది కాదు. ఉన్నది చెప్తే సర్కారు యూరియాకు ఎక్కడ కోత పెడుతుందోనని వాళ్ళు తగ్గించి చెప్తారు. ఈమె నేరుగా వంటింటి వైపు పోయి, "అక్కా, ఖాళీ సంచులు ఎన్నుండాయి?" అనేది. మన ఇళ్ళలో యూరియా సంచి ఒక్కటీ పారేయం కదా. ఉతికి, నాలుగు కలిపి కుట్టి మిరపకాయలు ఆరబోసుకుంటాం, గడ్డివామి మీద కప్పుకుంటాం. సంచిని తిప్పి దాని మీద అచ్చు వేసిన నలభై ఐదు చూపించేది. బస్తా అంటే ఇంకా యాభై కిలోలే అనుకునేవాళ్ళు ఎందరో. "నోరు మర్చిపోతాది మా, సంచి మర్చిపోదు" అనేది.

రుద్రవరం పక్క పల్లెలో ఒక ముసలామె ఉంది. మొగుడు లేడు, బిడ్డలు లేరు, మూడెకరాల మడి తనే చేసుకుంటుంది. నా కూతురు ఆమెను పెద్దమ్మ అని పిలిచేది. నంద్యాలలో గది తీసుకుని ఉండే పిల్ల శనివారం ఇంటికొస్తే, కాళ్ళు కడుక్కోకముందే పెద్దమ్మ కథ మొదలు. పెద్దమ్మ జీలుగ చల్లి, మొలిచినాక ఎరువుగా దున్నేస్తాది. పెద్దమ్మ ఎనుముల పేడ ఒక్క తట్ట కూడా పోనీదు. పెద్దమ్మ యూరియాను ఒక్కసారే పోయకుండా మూడు తడవలుగా వేస్తాది, ఎకరాకు రెండున్నర సంచులతో సరిపెడతాది.

"ఆయమ్మకు ఎనుములుండాయి. నాకేముండాయి, మీ నాయనా?" అన్నాను ఒకసారి. మా ఇంటాయన కూడా నవ్వాడు. నేను నవ్వలేదు.

జొన్నరొట్టె చేసి పెడితే తుంచి చూసి, "పెద్దమ్మది ఇంకా పల్చగా ఉంటాది" అనింది. ఏ చెడూ అనుకోకుండానే అనింది. బిడ్డల్లేని మనిషికి, పెంచే కష్టం లేకుండానే ఎదిగిన బిడ్డ దొరికిందని కుళ్ళుకున్నాను. ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా కుళ్ళుకున్నాను. పైకి ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకే చెప్తున్నాను.

ఈ పంటకు మా ఊరి వంతు వచ్చింది. అందరిళ్ళూ తిరిగి చివరకు పుస్తకం పట్టుకుని మా వంటింటి ముందుకొచ్చి, "అక్కా, ఖాళీ సంచులు ఎన్నుండాయి?" అని నన్నే అక్కా అని అడిగింది. మాది ఒక్క ఎకరం. దానికి నాలుగు సంచుల యూరియా వేశాం. తను వస్తుందని తెలిసి ముందురోజే రెండు సంచులు మడతపెట్టి కోళ్ళ గంప కింద పెట్టాను. రెండే తెచ్చి ముందర వేశాను. మా ఇంటాయన నోరు తెరవబోతే కాలు తొక్కాను.

"రెండేనా మా?"

"రెండే. నేనేమన్నా మీ పెద్దమ్మకు తీసిపోయినానా?"

మడి ముదురు పచ్చగా, బరువుకు పడిపోయేటట్టు ఉంది. రెండు సంచులకు అంత పచ్చ రాదని నాకు తెలుసు, బిడ్డకూ తెలుసు. నా మొహం ఒకసారి చూసి, తల వంచుకుని రాసుకుంది. "మా అమ్మ పెద్దమ్మను గెలిచేసింది!" అని వాళ్ళ నాయన భుజం మీద కొట్టింది. ఆ సాయంత్రమంతా నాకు పండగలాగా ఉండింది. ఆ వారం తిరక్కముందే జ్వరం వచ్చింది.

జ్వరం వచ్చింది కూడా ఆ ముసలామె చేనులోనే. ఆమే ఆటోలో వేసుకుని నంద్యాలకు తీసుకుపోయింది. నేను ఆళ్ళగడ్డలో బస్సెక్కి చేరేసరికి, మంచం పక్కన కూర్చుని తడిగుడ్డతో నా బిడ్డ నుదురు తుడుస్తోంది. నేను ఆమెకు దండం పెట్టాల్సింది. "లెయ్. నా బిడ్డ అది" అన్నాను. ఆమె గుడ్డ నా చేతికిచ్చి, లేచి బయటికి పోయింది. ఊరికి పోలేదు, మూడు రోజులూ వరండాలోనే గోడకు ఆనుకుని కూర్చుంది. మూడో రోజు నా కూతురు కళ్ళు తెరిచి, "పెద్దమ్మ తిన్నాదా మా?" అని అడిగింది. "తిన్నాదిలే" అన్నాను. తిన్నదో లేదో నేను చూడలేదు. సంచుల మాట నోటిదాకా వచ్చింది. ఇంటికి పోయినాక చెప్దాంలే అని మింగేశాను. తెల్లవారితే బిడ్డ లేదు.

జ్ఞాపకార్థ కూడిక రోజు ఆ ముసలామె వచ్చి వెనకాల చెప్పులు విడిచే చోట కూర్చుంది. అందరూ భోజనాలకు లేచాక నేను పోయి ఎదురుగా నిలబడ్డాను.

"ఎందుకొచ్చినావ్?"

"పిలుస్తావని చూసినా. పిలవలేదు. అందుకే వచ్చినా" అనింది. చెప్పులు పక్కకు జరిపి, "నీ సంచుల సంగతి నీ బిడ్డకు తెలుసు" అనింది.

"ఏ సంచులు?"

"కోళ్ళ గంప కింద పెట్టినావే, అవి. తెల్లారి కోళ్ళను వదలబోయి చూసిందంట. మా ఇంట్లో కూర్చొని చెప్పి పడీ పడీ నవ్వింది. 'నీతో పోటీకి మా అమ్మ సంచులు దాచింది పెద్దమ్మా' అని."

నా ఒళ్ళు మండిపోయింది. నా అబద్ధాన్ని కూడా ఆమెతోనే పంచుకుందా? నాతో పోట్లాడి ఉండకూడదా?

"మరి పుస్తకంలో దిద్దలేదా?" అన్నాను.

"నేనూ అదే అడిగినా. 'మా అమ్మ తనే చెప్తాది, తొందరేముంది' అనింది."

ఆమెను లేపి, భోజనాల బంతిలో నా పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టాను. అయినా కుళ్ళు పోయిందని రాయలేను. ఆ ఇంట్లో నా బిడ్డ పడీ పడీ నవ్విన నవ్వు ఆమె విన్నది, నేను వినలేదు.

సోమవారం నంద్యాలలో బిడ్డ పనిచేసిన ఆఫీసుకు పోయాను. పల్లెలన్నిటి కిలోలూ ఆ వారమే కూడబోతున్నారని ఆ ముసలామే చెప్పింది. నా రెండు సంచులతో నా బిడ్డ లెక్కంతా అబద్ధమైపోతుందని రాత్రంతా కూర్చునే ఉన్నాను. అక్కడి సారు లేచి నాకు కుర్చీ వేసి, బిడ్డ పుస్తకం తీశాడు. మా ఊరి పేజీలో అందరి కిలోలూ నీలం పెన్నుతో ఉన్నాయి. నా పేరు కాడ మాత్రం పెన్సిల్‌తో, మెత్తగా, తొంభై అని ఉంది.

"సారూ, అది రెండు కాదు, నాలుగు. నేను అబద్ధం చెప్పినా" అన్నాను. సారు పెన్ను నాకే ఇచ్చాడు. పక్కన నూట ఎనభై వేశాను. ఎనిమిది వంకర పోయింది.

"పెన్సిల్‌ది చెరిపేద్దామా అమ్మా?" అన్నాడు.

"వద్దు నాయనా."

ఆ తొంభైని బొటనవేలితో ఒకసారి తడిమాను. వేలికి కొంచెం నల్లగా అంటింది. ఆ వేలు లోపలికి ముడిచి, గుప్పిట పట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. ఆడవాళ్ళ ఉచిత టికెట్టుకు కండక్టరు ఆధార్ కార్డు అడిగితే ఎడమ చేత్తో తీసిచ్చాను.

"ఏందమ్మా, ఎడం చేత్తో ఇస్తాండావ్?" అన్నాడు.

నేను గుప్పిట విప్పలేదు.